ట్యాంకు కనిపించింది

"మా కోడలు నోటి దురుసు మనిషే. నన్ను కూడా లెక్కచెయ్యదు. కానీ అబద్ధమాడదు," అంది పెద్దావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "మంచులో రన్‌వే కనిపించలేదని అదంటోంది. అంతా శుభ్రంగా కనిపించిందని ఎయిర్‌పోర్టు వాళ్ళంటున్నారు. ఎవరి అబద్ధానికి ఆ కుర్రాడు బలయ్యాడో తేల్చండి."

ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. కోడలు నడిపిన సరుకుల విమానం మొన్న ఉదయం దిగుతూ రన్‌వే పక్క గోతిలో పడింది. పక్క సీట్లోని కో-పైలట్ చనిపోయాడు. ఆమె రెండు కాళ్ళూ విరిగి ఆస్పత్రిలో ఉంది. తప్పు పైలట్‌దేనని ఎయిర్‌పోర్ట్ డైరెక్టర్ ఆ సాయంత్రమే ప్రకటించేశాడు. కాళ్ళు అతుక్కోగానే ఆమెకి జైలు ఖాయం.

డిటెక్టివ్ ముక్కుపుటాలు అదిరాయి. అలా అదిరాయంటే ఎవరికో మూడిందని అతని సహాయకుడికి తెలుసు. ఆరడుగులున్న ఆ సహాయకుణ్ణి అందరూ చిన్నోడు అంటారు. చిన్నోడు అప్పుడే కారు తాళాలు అందుకున్నాడు.

ఎయిర్‌పోర్టులో రన్‌వే ఒకటే, పెత్తనాలు రెండు. ఇటు ప్రయాణికుల వైపు డైరెక్టర్‌ది, అటు సైన్యం వైపు కమాండర్‌ది. కమాండర్ వాళ్ళిద్దర్నీ, వెంట వచ్చిన పెద్దావిడనీ జీపులో తిప్పాడు. రాత్రి వాన కురిస్తే తెల్లారేసరికి అక్కడి నేల ఆవిరి కక్కుతుందట. ఎండెక్కేదాకా ముందు నడిచేవాడి వీపు కూడా కనిపించదట. సైన్యం వైపు విమానాల షెడ్డు ఒకటి నీలం రేకులతో కొత్తగా నిగనిగలాడుతోంది.

"ఎప్పుడు కట్టారు?" అన్నాడు డిటెక్టివ్.

"నెల దాటింది. మా స్థలం, మా షెడ్డు. వాళ్ళకెందుకు చెప్పాలి?" పుల్లవిరుపుగా అన్నాడు కమాండర్.

కమాండర్ కూడా వాళ్ళ వెంట డైరెక్టర్ గదికి వచ్చాడు. గది చల్లగా ఉంది. మాట అంతకన్నా చల్లగా వచ్చింది. "ఆవిడ తొందరపడింది, అంతే. మా వాతావరణం ఉద్యోగి పద్ధతి ప్రకారం డాబా ఎక్కి చూశాడు. రన్‌వే కొసనున్న నీళ్ళ ట్యాంకు కనిపిస్తేనే విమానానికి దిగమని కబురు."

"ట్యాంకు కనిపించింది సార్," అన్నాడు ఆ ఉద్యోగి, తన బూట్లకేసి చూస్తూ.

"ఇతని మాటొక్కటేనా సాక్ష్యం?"

"నేనూ ఎక్కి చూశానండీ. తెల్లగా మెరిసిపోతోంది. చాలా?" అన్నాడు డైరెక్టర్.

"చాలు. ఒకసారి అందరం డాబా మీదికెళ్దాం. కమాండర్ గారూ, మీరూ రండి. అమ్మా, మీరు కూడా."

పైన ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఆ రోజు మీరు చూసిన ట్యాంకు చూపించండి," అన్నాడు డిటెక్టివ్.

డైరెక్టర్ చెయ్యి విసురుగా లేచింది. వేలు నీలం రేకుల మీద ఆగిపోయింది. చిన్నోడు మునివేళ్ళ మీద లేచి చూశాడు. అతనికీ షెడ్డే అడ్డొచ్చింది.

"ఇంత ఎండలో కనిపించనిది అంత మంచులో మీకెలా మెరిసింది?" డిటెక్టివ్ గొంతు పెరిగింది. "ఇతను బద్ధకించి డాబా ఎక్కలేదనుకుందాం. తన తప్పు దాచుకోడానికి బొంకుతాడు. చూడాల్సిన పని మీది కాదే. చూడలేదంటే మిమ్మల్ని అడిగేవాడు లేడు. మరి మీరెందుకు బొంకారు? ఆ కబురు మీరు పంపించారు కాబట్టి."

ఉద్యోగి ముందుకొచ్చాడు. "రోజూ ఆయన ఫోన్లో చెప్పిందే నేను పైలట్లకి చెప్తున్నా సార్. షెడ్డు లేచాక డాబా ఎక్కడమే మానేశా. ఆ రోజు మాత్రం మంచు చూసి వద్దన్నా. నీ ఉద్యోగం ఊడుతుందన్నారు."

"విమానాలు వెనక్కి పోతుంటే ఈ ఎయిర్‌పోర్టు మూసేస్తారయ్యా," అన్నాడు డైరెక్టర్. "ఇన్నాళ్ళూ అందరూ దిగుతూనే ఉన్నారుగా."

"అది వాళ్ళ అదృష్టం. మీ ఘనత కాదు."

కమాండర్ మొహం కందగడ్డయింది. "షెడ్డు సంగతి ఒక మాట చెప్పాల్సింది," అని గొణిగాడు.

"చెప్పాల్సింది," అన్నాడు డిటెక్టివ్, ఆయన్నీ వదలకుండా. "ఇప్పుడు పోలీసులకైనా చెప్పండి."

పెద్దావిడ డైరెక్టర్ ముందుకొచ్చి సెల్‌ఫోన్ చాపింది. "పోయిన కుర్రాడి తల్లికి కలిపాను. మీ వాణ్ణి ఆ పైలటే చంపిందని ఆవిడకి చెప్పింది నువ్వేగా. ఎవరు చంపారో ఇప్పుడు నువ్వే చెప్పు."

అవతల ఫోన్ ఎత్తారు. "ఎవరూ?" అంది నీరసంగా ఒక గొంతు.

డైరెక్టర్ మెట్ల వైపు చూశాడు. అక్కడ చిన్నోడు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"చెప్పండి," అన్నాడు చిన్నోడు. "ఆవిడ వింటున్నారు."