ఆపరేషన్ వెనక లారీ

ఫిషింగ్ హార్బర్‌లో మూడో నంబరు ఐసు ఫ్యాక్టరీ తలుపు ముందు, చేపలు కొనడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు గుణశేఖర్.

"వంజరం ఉందా?"

"వంజరానికి ఐసు లేదు," అంది లోపలి గొంతు. తలుపు తెరుచుకుంది.

ఐసు దిమ్మల మధ్య మఫ్లర్ చుట్టుకుని కూర్చున్న శ్రీరామ్మూర్తి ఏ శాఖకి చీఫో ఆయన భార్యకి కూడా తెలియదు. బ్రీఫింగ్ ఎప్పుడూ మనిషిని నిలబెట్టే ఇస్తాడు.

"శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర. కూర్మన్నపాలెం నుంచి పోర్టుకి రెండు లారీలు. ముందుదానికి డ్రైవరుంటాడు. వెనకదాని కేబిన్ ఖాళీ. దాని మీద నలభై టన్నుల స్టీలు కాయిల్స్."

"తెలుసు సార్. ముందు లారీకి నెల్లాళ్లుగా క్లీనర్ని నానే గదా."

"తెలియంది చెప్తాను విను. ముందు లారీ వెనక పెట్టెలోంచి ఒక రేడియో బీమ్ వస్తుంది. టార్చిలైటులా సన్నంగా ఉంటుంది, సూటిగా పడితేనే అందుతుంది. రెండు లారీలూ ఊగుతూ పోతుంటే అది గురి తప్పాలి. తప్పదు. ఎందుకంటే వెనకదానికి కెమెరా, రాడార్, లేజర్ సెన్సర్ ఉన్నాయి. ముందు లారీ వీపు ఎక్కడుందో అవి చూసి చెప్తాయి. బీమ్ అటే తిరుగుతుంది."

"అయితే?"

"ఒక ఫారిన్ ముఠా అచ్చం అలాంటి వీపుతోనే ఇంకో లారీ తయారుచేసింది. మధ్యలో దూరుతుంది. వెనక లారీ దాని మాటే వింటుంది. గాజువాక జంక్షన్లో అది పక్కకి తప్పుకుని, నలభై టన్నుల్నీ జనం మీదికి వదులుతుంది. ఆర్మీ కోసం చేస్తున్న ప్రాజెక్టు ఆ రోజుతో సరి."

"ట్రయల్ ఆపీమనొచ్చు గదా సార్?"

"ఆపితే లోపలి మనిషి దొరకడు. సెన్సర్లు చూసే గుర్తుల జాబితాని ఎవడో బయటికిచ్చాడు. అది నలుగురి దగ్గరే ఉంది. వాళ్లలో ఒకడు ఇంజనీర్ సుమంత్. మీ అక్క మొగుడు."

గుణశేఖర్ ఐసు దిమ్మ వైపు చూశాడు. "మా బావ కాదు సార్."

"కాకపోతే నాకూ సంతోషమే." ఆయన ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ తోశాడు. "కింది గిన్నెలో రేడియో సిగ్నల్‌ని చెడగొట్టే జామర్. పై గిన్నెలో పులిహోర. మన మనిషి నర్గీస్ ముఠాలోనే ఉంది, కబురందిస్తుంది."

రహస్యం ఇంట్లో మాట్లాడకూడదన్నది ఈ ఉద్యోగంలో మొదటి రూలు. కానీ ఎలమంచిలి రోడ్డు మీద తనకి సైకిలు నేర్పిన మనిషి ఎదురుగా కూర్చునేసరికి గుణశేఖర్‌కి ఆ రూలు అడ్డం రాలేదు. గురువారం మధ్యాహ్నం అక్క దేవిశ్రీ అన్నం వడ్డిస్తుంటే ఉన్నదంతా చెప్పేశాడు.

సుమంత్ ముద్ద కలుపుతూ గొంతు తగ్గించాడు.

"మరీ పీకల మీదికొస్తే ఒకటే దారి బామ్మర్దీ. లారీకి ఎదురుగా ఎల్లి సేతులెత్తి నిలబడిపో. కెమెరాకి మడిసి కనిపిస్తే సాలు, ఇంక ఎవడి మాటా ఇనదు, ఆగిపోద్ది. ఇది ఎవడికీ సెప్పలేదు. నీకే సెప్తన్నాను."

"ఏటిరా ఇద్దరూ," అంది దేవిశ్రీ. "పులుసు సల్లారిపోతంది. ఆ లారీలు ఎక్కడికీ పారిపోవు గానీ తినండి."

శుక్రవారం తొమ్మిదీ ముప్పైఅయిదు. అతికించిన మీసంతో గుణశేఖర్ ముందు లారీలో, డ్రైవర్ వెంకటేష్ పక్కన కూర్చున్నాడు. చెవిలో దూదిలా ఉన్న ఇయర్‌ఫోన్లో నర్గీస్ గొంతు పలికింది.

"వంజరం వల్లోకొచ్చింది."

అద్దంలో చూశాడు. సర్వీసు రోడ్డులోంచి ఓ లారీ వచ్చి మధ్యలో దూరింది. వెనక లారీ క్షణం తటపటాయించింది. తరవాత పిల్లి పాల వాసన పట్టినట్టు దాని వెనకే పోయింది.

గుణశేఖర్ లారీ ఆపించి దిగి, క్యారియర్ స్విచ్ నొక్కాడు. రెండు లారీలూ అతన్ని దాటుకుని హాయిగా వెళ్లిపోయాయి.

ఎర్ర కారొకటి వచ్చి పక్కన ఆగింది. నల్ల కళ్లద్దాలు, మల్లెపూలు. ముఠా అంతా తమ మనిషే అనుకునే నర్గీస్, పాతబస్తీ అత్తరు వ్యాపారి కూతురు.

"పక్క నించి అరిస్తే అది వినదు గుణా భాయ్. ఎదురుగా ఉన్నవాడి మాటే వింటది. డబ్బా పక్కన పడేసి ఎక్కు. మీసం ఊడిపోతంది."

కారు సందుల్లోంచి దూసుకుపోయి లారీల కంటే ముందే గాజువాక జంక్షన్ చేరింది. షేర్ ఆటోలు, సిటీ బస్సులు, రోడ్డు దాటుతున్న జనం. వంద గజాల వెనక దొంగ లారీ, దాని వెనక డ్రైవర్ లేని లారీ. దొంగ లారీ ఎడమ ఇండికేటర్ వేసి నెమ్మదించింది. అది పక్కకి జరగగానే వెనకదాని ఖాళీ కేబిన్ కనిపించింది.

గుణశేఖర్ పరిగెత్తి దానికి ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ ఎత్తాడు. అద్దం పైన కెమెరా అతన్నే చూస్తోంది.

లారీ ఇంజన్ గుర్రుమంది.

అప్పుడు ఆ లారీలుండే యార్డు కళ్ల ముందు కదిలింది. ఈ నెల రోజుల్లో సుమంత్ ఒక్కసారి కూడా ఆ లారీ ముందు నుంచి దాటలేదు. కుండపోత వానలో సైతం, కాగితాలు నెత్తిన పెట్టుకుని, లారీ చుట్టూ తిరిగి వెనక నుంచే వెళ్లేవాడు. మనిషిని చూస్తే ఆగే లారీ ముందు, దాన్ని తయారుచేసినవాడికి భయమెందుకు?

గుణశేఖర్ పక్కకి దూకాడు.

యార్డులో ఆ లారీ దానంతట అది ఆగింది ఒకే ఒక్కసారి. ముందు లారీ మీది తడిసిన టార్పాలిన్ జారి పెట్టెని కప్పేసినప్పుడు. బీమ్ అందక, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు ఆగింది.

రోడ్డు పక్కన సన్యాసమ్మ చేపలమ్ముతోంది. ఆమె ముందున్న పెద్ద అల్యూమినియం బేసిన్ లాక్కుని బోర్లించాడు. చేపలు తారు మీద జారాయి.

"ఓరి నీ సేతులిరిగిపోను, పొద్దున్నే నా సేపలే దొరికినాయేట్రా నీకు?"

దొంగ లారీ వెనక తలుపు మీదికి ఎగబాకి, పెట్టె మీద బేసిన్ మూతలా వేసి, ఛాతీతో అదిమిపట్టాడు. వెనక లారీ జనం వైపు వెళ్తోంది. ఒకటి. బస్సు దిగుతున్నవాళ్లు చెదిరిపోయారు. రెండు. షేర్ ఆటో డ్రైవర్ తాళం తిప్పుతున్నాడు, బండి స్టార్టవడంలేదు.

మూడు.

బ్రేకులు కీచుమన్నాయి. ఆటో చివర కాళ్లు బయటపెట్టి కూర్చున్న ముసలాయన మోకాలికీ లారీ బంపర్‌కీ మధ్య జానెడు ఖాళీ మిగిలింది.

నర్గీస్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి దొంగ లారీ డ్రైవర్ మెడకి ఆనించింది. అది లిప్‌స్టిక్ కాదని అతనికి వెంటనే అర్థమైంది. కేబిన్లో లాప్‌టాప్ తెరిచి ఉంది. వెనక లారీ కెమెరా బొమ్మలు ఆ బీమ్ మీదే ఇక్కడికి వస్తున్నాయి. బేసిన్ పడగానే ఆగిపోయిన చివరి బొమ్మలో, బేసిన్ పట్టుకుని ఎగబాకుతున్న గుణశేఖర్. ఆ బొమ్మలు ఇక్కడి నుంచి ఇంకొక ఫోన్‌కి కూడా వెళ్తున్నాయి. ఆ నంబరు అతనికి కంఠతా వచ్చు.

జేబులో ఫోన్ మోగింది. దేవిశ్రీ.

"తమ్ముడూ, నువ్వేనా? మాటాడతన్నది నువ్వేనా? నువ్వు లారీ కింద పడి పోయావని మీ బావ ఫోన్ సేసి ఒకటే ఏడుపు. ఆస్పత్రికి బయలెల్లిపోతన్నాన్రా."

"నాకేటీ కాలేదక్కా. ఇంట్లోనే ఉండు. నానొస్తన్నాను."

అప్పుడే ఐసు వ్యాన్‌లోంచి దిగిన శ్రీరామ్మూర్తికి ఫోన్లోని దేవిశ్రీ మాటలు కూడా వినిపించాయి. మఫ్లర్ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"సుమంత్ కోసం కంట్రోల్ రూమ్‌కి మనవాళ్లు వెళ్లారు. ఏడ్చాడంటోందిగా మీ అక్క, ప్రేమ లేకపోలేదేమో గుణా."

గుణశేఖర్ రోడ్డు మీద కూర్చుని చేపలు ఒక్కొక్కటే ఏరి సన్యాసమ్మ బేసిన్లో వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పోయానన్నది అక్కని ఇంట్లోంచి పంపీడానికి సార్. నాను బతికున్నానని అప్పటికే తెలిసిపోయుంటది. అందుకే ఏడిసుంటాడు."