పసుపు మూల

మూడో చెవిబిళ్ళ సరిగా అతుక్కోలేదు. తాయారు దాన్ని ఊడదీసి, ఇంజన్ దిమ్మె మీది జిడ్డును గుడ్డతో తుడిచి, మళ్ళీ అతికించింది. ఈసారి బిళ్ళ చుట్టూ నీలం వలయం వెలిగింది.

"వినడానికి సిద్ధం," అంది గోడలోంచి తనిఖీ యంత్రం శ్రుతి. "వేడిబండి నలభై ఒకటి. ఈ పరీక్షకు దహన వాటా రెండు వందల మిల్లీలీటర్లు. యజమాని?"

"షేక్ జుబేదా."

"పూర్వ యజమాని?"

తాయారు తన మేస్త్రి పేరు చెప్పింది. "షేక్ నాగూర్ మీరా."

"ఆ చేతిముద్రకు కాలం చెల్లింది," అంది శ్రుతి. రికార్డులో ఉన్నది చదివిందంతే. ఆ గొంతులో అంతకుమించి ఏమీ ఉండదు.

ఆటోనగర్‌లో వేడిబళ్ళకు మిగిలింది ఈ ఒక్క రేకుల షెడ్డే. బయట రోడ్డు మీద బ్యాటరీతో నడిచే చల్లబళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. వాటికి దారిస్తూ గోడవారగా ఇంకా పదిహేను వేడిబళ్ళు వరసలో నిలబడి ఉన్నాయి. యజమానులు రేకుల నీడన చేరి, ఎవరి బానెట్ మీద ఎంత రంగు పోయిందో లెక్కపెట్టుకుంటున్నారు.

జుబేదా డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. వాళ్ళ నాన్న అంబాసిడర్ ఒకసారి దగ్గి, రెండోసారికి అందుకుంది. చెరకు ఇంధనం కాలుతుంటే షెడ్డంతా మాడిన బెల్లం వాసన వేసింది. నిండుగా, నెమ్మదిగా సాగుతున్న ఆ మోత కింద ఇంకో చిన్న చప్పుడు ఉంది. ఎవరో స్టీలు గ్లాసు మీద గోటితో కొడుతున్నట్టు, టిక్, టిక్, టిక్.

తాయారుకు ఆ చప్పుడు తెలుసు, పొగను బయటికి వదిలే వాల్వు మీద ట్యాపెట్ తట్టే చప్పుడు. పొద్దుటి నుంచి విన్న ఆరు ఇంజన్లలోనూ అదే ఉంది.

"విచలనం," అంది శ్రుతి. "ఎగ్జాస్ట్ ట్యాపెట్ల సందు మిల్లీమీటరులో నూటికి ముప్పై ఎనిమిది వంతులు ఉండాలి. నలభై రెండు ఉంది. ఇవాళ విన్న ఏడు ఇంజన్లలోనూ తేడా ఒక్కటే. సవరించిన చేయి కూడా ఒక్కటే. వంశదోషంగా నమోదు చేస్తున్నాను. ఆ చేతి కింద నడిచి ఇంకా సవరించని ఇరవై రెండు ఇంజన్లకూ ఇది వర్తిస్తుంది. సవరణకు నాలుగు గంటల వరకు గడువు. సవరించని వాటికి మౌనం."

జుబేదా ఇంజన్ ఆపేసింది.

మౌనం పొందినవి షెడ్డు వెనక మూడున్నాయి. సిలిండర్లలో పోసిన బంక గాజులా గట్టిపడి, పిస్టన్లు ఎక్కడివక్కడే నిలిచిపోయి ఉంటాయి. బడిపిల్లలు వరసగా వచ్చి చూసి, వాటి ముందు ఫోటో దిగి పోతుంటారు.

"నాలుగింటికేనంటా?" అన్నాడు ఆదిశేషు. ఒకప్పుడు బస్సు నడిపినవాడు, వేడిబళ్ళ సంఘంలో అందరికన్నా పెద్దవాడు. స్టూలు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ మూతలోకి వంచుకుంటున్నాడు. "నాలుక్కే గదా మనం అన్ని బళ్ళూ ఒక్కసారి స్టార్ట్ చేద్దామనుకుంది. ఇవాళ మేస్త్రి పోయిన రోజని ఈ గోడక్కూడా గుర్తుందే."

"మీరు ఊరుకోండి బాబాయ్," అంది జుబేదా.

"ఊరుకోక ఏం చేస్తున్నా? అమ్మాయ్ తాయారూ, ఆ ట్యాపెట్లు కాస్త బిగించెయ్. పోయినేడు నాది బిగించలా? బండికి పది నిమిషాలు. ఆ టిక్కుటిక్కు పోద్ది, శ్రుతమ్మ చల్లబడద్ది, మనం నాలుక్కి స్టార్ట్ చేసుకుంటాం."

తాయారు అతని వైపు చూడలేదు. పానాల పెట్టె దగ్గరికి నడిచి, చేతికి అవసరం లేని పానాలను ఇటువి అటు సర్దింది.

ఆరేళ్ళ కిందట ఊళ్ళో బడి ముగించుకుని వినికిడి శిక్షణకు వచ్చినప్పుడు ఆమె చేతిలో మొదట పెట్టింది పానా కాదు, మూరెడు పొడవు కర్రపిడి స్క్రూడ్రైవరు. దాని మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకోమన్నాడు నాగూరు మేస్త్రి. "ఏం వినపడతంది?" అని అడిగాడు. ఏమీ వినపడటం లేదంటే, సరేనని పక్కకు వెళ్ళి కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ అదే అడిగాడు. పదకొండో రోజున ఆమె, "ఎవరో వక్కలు కత్తిరిస్తున్నట్టుంది," అంది. "అది ట్యాపెట్. మాట్లాడతంది. మాట్లాడినన్నాళ్ళూ భయం లేదు," అన్నాడు మేస్త్రి. ఆ రోజు తన టీలో సగం ఆమెకు పోసిచ్చాడు.

ఈ సంఘాన్ని ఎవరూ సభ పెట్టి ప్రారంభించలేదు. వేడిబళ్ళను కరిగించేయాలన్న ఉత్తర్వు వచ్చిన ఏడాది, కొలిమి గేటు దగ్గర మేస్త్రి రోజూ ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చునేవాడు. బండిని లాగించుకొచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగేవాడు: "పోయేముందు ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామా?" చాలామంది నవ్వి లోపలికి పోయారు. కొందరు మాత్రం సరేనన్నారు. ఆయన బానెట్ ఎత్తి, గంటో గంటన్నరో ఏదో చేసి, తాళం తిప్పమనేవాడు. బండి అందుకున్నాక దాన్ని లోపలికి నెట్టడానికి వాళ్ళకు చేతులు రాలేదు. అట్లా వెనక్కి తిరిగిన బళ్ళు నలభై. నలభై ఒకటోది ఆయనది. ఆదిశేషు తన బండిని మూడుసార్లు గేటు దాకా తెచ్చి మూడుసార్లూ తిప్పుకుపోయాడు. మేస్త్రి బతికున్నన్నాళ్ళూ ఆయన చేతిముద్ర పడితే చాలు, శ్రుతి మారు మాట్లాడకుండా అనుమతి ఇచ్చేది.

ఆయన పోయాక ఆ పని తాయారుకు వచ్చింది. అనుమతి రెండేళ్ళకొకసారి. పోయినేడు పంతొమ్మిది వచ్చాయి. టిక్కుమంటున్నాయని శ్రుతి చెప్పింది. తాయారు బిగించింది. ఇంజన్లు నున్నగా, నెయ్యి పోసినట్టు నడిచాయి. పంతొమ్మిదింటికీ తన చెయ్యి నొక్కి అనుమతి ఇచ్చింది. మేస్త్రికి వయసు మీదపడి చూపు తగ్గిందని, అందుకే సందులు వదులుగా వదిలాడని అప్పుడు అనుకుంది.

ఏడు నెలలకు ఆదిశేషు బండి ఊపిరాడనట్టు కొట్టుకుంటూ వచ్చింది. హెడ్ విప్పి చూస్తే మూడో ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలుక కొరికిన అరిసెలా ఉంది. "ఇంధనం కల్తీ," అన్నాడు ఆదిశేషు. తాయారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కొత్త వాల్వు వేసి పంపింది. కాలిపోయినదాన్ని మాత్రం పారేయలేకపోయింది. అప్పటినుంచీ అది ఆమె బల్ల సొరుగులోనే ఉంది.

ఇప్పుడు సొరుగు తెరిచి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"జుబేదక్కా, మేస్త్రి గారి పెట్టె తెచ్చావా?"

"డిక్కీలో ఉంది. ఆయన పోయినాక దాన్ని తియ్యడానికి నాకు మనసొప్పలా."

పెట్టెలో పానాలన్నీ గుడ్డల్లో చుట్టి ఉన్నాయి. సందులు కొలిచే ఫీలర్ గేజి నూనె కాగితంలో, కొన్ననాటి మెరుపుతోనే ఉంది. అడుగున ప్లాస్టిక్ కవరులో ఒక పాత శుభలేఖ.

ఆదిశేషు లేచి వచ్చి తొంగి చూశాడు. "ఇంకా ఉందా ఇది? నాదే. చూడు, చిరంజీవి ఆదిశేషు అని. నా పెళ్ళి ఇంకెవరికీ పనికిరాలేదు గానీ ఈయనకి మాత్రం పనికొచ్చింది."

"పిన్ని వింటే ఉంటది మీకు," అంది జుబేదా.

మేస్త్రి ట్యాపెట్ల సందులు ఈ కార్డుతోనే చూసేవాడని సంఘంలో అందరికీ తెలుసు. ట్యాపెట్ కింద కార్డు దూర్చి, లాగితే పట్టీ పట్టనట్టు రావాలి. కార్డుకు ఒక మూల పసుపు, మిగతా మూలలు ఉత్తవి. ఎగ్జాస్ట్‌కు పసుపు మూల, ఇన్‌లెట్‌కు ఉత్త మూల. ఏనాడూ తారుమారు చేయలేదు. శుభమని అట్లా చేస్తున్నాడనుకుంది తాయారు. తనే కాదు, అందరూ అట్లాగే అనుకున్నారు. ఆదిశేషు అయితే కొత్తవాళ్ళకు, "పసుపు తగిలితే ఇంజన్ ముత్తైదువలా ఉంటది," అని నేర్పేవాడు కూడా.

ఆమె మైక్రోమీటరు తీసుకుంది. ఉత్త మూలను దాని దవడల మధ్య పెట్టి మెల్లగా తిప్పింది. ముప్పై ఎనిమిది.

కార్డును తిప్పి పసుపు మూల పెట్టింది. ఎప్పుడో ఏ పెళ్ళివారో వేలితో అద్దిన పసుపు ముద్ద ఎండి, ఒత్తుకుని, కార్డులో భాగమైపోయింది.

నలభై రెండు.

ఆమె మైక్రోమీటరు దించకుండానే జుబేదా వైపు తిరిగింది. "అక్కా, గేజి ఉండగా కార్డు ఎందుకని ఎప్పుడన్నా అడిగావా మేస్త్రి గార్ని?"

"అడిగా. గేజి పెట్రోలుకి రాశారే అన్నాడు. మనం పోసేది చెరకు గదా, దీనికి వాల్వు ఇంకాస్త సాగుద్ది, కూచునే చోటు ఇంకాస్త అరుగుద్ది, జాగా వదలాలన్నాడు. నాకేం అర్థమయింది? మా అమ్మతో కాపరం గురించి చెప్తన్నాడేమో అనుకున్నా."

ఆదిశేషు నవ్వబోయి, బల్ల మీది వాల్వును చూసి ఆగిపోయాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, కొరికినట్టున్న అంచును బొటనవేలితో తడిమాడు.

"ఇది నాదేనా?"

"మీదే బాబాయ్. నేను బిగించాను. సందు లేక వాల్వు మూసుకోలేదు. మంట దాన్ని తినేసింది. కల్తీ కాదు."

ఆయన మూతలోకి టీ వంచి ఆమె ముందు పెట్టాడు. "మిగతా పద్దెనిమిదీ?"

"అవీ అంతే. ఇవాళ కాకపోతే రేపు."

"మరి ఇవి బిగిస్తే?"

"నాలుక్కి స్టార్ట్ అవుతాయి. వచ్చే ఏడుకు ఉండవు."

షెడ్డు గడియారం మూడూ పది చూపిస్తోంది. తాయారు గోడ ముందుకు వెళ్ళి నిలబడింది.

"శ్రుతీ, నలభై ఒకటికి మానవ వాంగ్మూలం ఇస్తాను."

"ఆ గడి పంతొమ్మిదేళ్ళుగా వాడుకలో లేదు. చెప్పండి."

"ట్యాపెట్ చప్పుడు దోషం కాదు. చెరకు ఇంధనానికి ఎగ్జాస్ట్ సందు నలభై రెండు ఉండాలి. చప్పుడు లేకపోవడమే దోషం."

"కొలత పరికరం?"

"శుభలేఖ. పసుపు మూల."

"ఆ పేరుతో పరికరం లేదు."

"ఉంది. రాసుకో. నలభై ఒక్క ఇంజన్లను దానితోనే కొలిచారు. రుజువు బల్ల మీద ఉంది. కాలిన వాల్వు ఒకటి, నేను బిగించింది."

గోడ మీది రాష్ట్ర పటంలో వేడిబండికొకటిగా ఉన్న దీపాలు ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగాయి.

"ఈ నమోదు ప్రకారం మీరు అనుమతించిన పంతొమ్మిది ఇంజన్లూ దోషయుక్తం. మీ వినికిడి హోదా ఈ క్షణం నుంచి నిలిచిపోతుంది. దీన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. కొనసాగించాలా?"

జుబేదా ఆమె మోచేయి పట్టుకుంది. "తాయారూ, ఉద్యోగం పోద్దే. ఆగు. ఇంకో దారేదన్నా ఉందేమో చూద్దాం."

ఉద్యోగం పోతే ఊరికి పోయి ఏం చేయాలో తాయారుకు తెలియదు. ఆ చప్పుడును వినడం తప్ప ఆమెకు ఇంకేదీ రాదు. అది ఆమెకు నేర్పింది ఒక్కడే. ఆయన నేర్పిన చప్పుడును ఆమె పంతొమ్మిదిసార్లు తన చేత్తోనే నొక్కేసింది.

ఆమె అరచేతిని గోడకు ఆనించి నొక్కింది.

పటం మీద ముందు పంతొమ్మిది పచ్చదీపాలు పసుపుకు తిరిగాయి. తర్వాత గుంటూరు వైపువి కొన్ని. ఆ తర్వాత రాష్ట్రమంతటా, సవరించి, నున్నగా, నిశ్శబ్దంగా నడుస్తున్నాయని శ్రుతి మెచ్చి పంపిన ఆరు వందల పైచిలుకు దీపాలు ఒక్కొక్కటే పసుపుకు తిరుగుతూ పోయాయి. షెడ్డు బయట ఎవరో, "ఏంటది?" అన్నారు.

"వంశదోషం రద్దు," అంది శ్రుతి. "వివాదం తేలేదాకా ఏ ఇంజన్‌కూ మౌనం లేదు. వాటిని తిరిగి వినాలి. పోల్చి వినడానికి నా దగ్గరున్న నాదముద్రలు ఏవీ ఇందుకు సరిపోవు."

నాలుగు కావచ్చింది. జుబేదా మళ్ళీ డ్రైవరు సీట్లో కూర్చుంది. గోడవారగా పదిహేను బానెట్లు లేచాయి. పొద్దున వచ్చినవి ఆరూ రోడ్డుకు అవతలి నుంచి వచ్చి వరసలో కలిశాయి. ఆదిశేషు చెయ్యి ఎత్తి దించాడు. ఒక్కో బండీ దగ్గి, తడుముకుని, అందుకుంది. మాడిన బెల్లం వాసన రోడ్డు దాకా పాకింది. ఇరవై రెండు ఇంజన్ల కింద ఇరవై రెండు గోళ్ళు గ్లాసు మీద కొట్టుకుంటున్నాయి. చల్లబళ్ళు కొన్ని వాటంతటవే ఆగిపోయాయి. వాటికి ఈ చప్పుడు ఏమిటో తెలియదు.

తాయారు మేస్త్రి పెట్టెలోంచి మూరెడు స్క్రూడ్రైవరు తీసింది. మొనను అంబాసిడర్ మీద ఆనించి, కర్రపిడిని చెవికి పెట్టుకుంది.

శ్రుతి ఇన్నేళ్ళుగా తాను విన్నదే చెప్పింది తప్ప ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

"ఏం వినపడుతోంది?" అని అడిగింది.