అతిథి జట్టు గదిలో స్నానం చేసేవాడు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా పళ్లన్నీ రాలిపోవాలి! ఉన్నవి నాలుగే అనుకో, అయినా ఒట్టు ఒట్టే.

వార్సాలో ఇప్పుడు ధగధగలాడే జాతీయ స్టేడియం ఉన్నచోటే పాతది ఉండేది. యుద్ధంలో కూలిన ఇళ్ల శిథిలాలు గుట్టపోసి, వాటిమీద మెట్లు కట్టారు. జనం కూర్చుని కేకలేసేది ఎవరి వంటింటి మీదో, ఎవరి పడకగది మీదో! తర్వాత ఆటలు ఆగిపోయాయి. గట్టుమీద సంత వెలిసింది. మైదానంలో గడ్డి గుర్రం దాక్కునేంత పెరిగింది.

అన్నిట్లోకీ చెడ్డపేరు అతిథి జట్టు గదిది. తొమ్మిది గోల్స్ వదిలేసిన గోల్‌కీపర్ ఒకడు సిగ్గుతో అక్కడి స్నానాల తొట్టిలో మునిగి... ఇంకా తేలలేదట.

కాపలాదారు జెనోన్ పదేళ్లుగా ఆ గుమ్మం తొక్కలేదు. ఆ డిసెంబరు రాత్రి మాత్రం తప్పలేదు. "తెల్లారేలోగా ఆ గదిలో నీళ్లు కట్టెయ్. చలికి గొట్టాలు పగిలాయో, నీ ఉద్యోగం ఊడినట్టే," అన్నాడు మేనేజరు.

తలుపు తోశాడు. చీకటి...

ఛప్!

జెనోన్ ఒకడుగు వెనక్కేశాడు, ఉద్యోగం గుర్తొచ్చి రెండడుగులు ముందుకేశాడు.

ఛప్... ఛప్...

కుళాయి తొట్టి అవతల గోడకుంది. కళ్లు మూసుకుని, వంగి, చెయ్యి చాపాడు. వేళ్లకి చల్లగా, జారుడుగా ఏదో తగిలింది. కళ్లు తెరిచాడు — కిటికీలోంచి పడే వెన్నెల్లో, నీళ్లలో గుండ్రటి నోరొకటి తెరుచుకుంటూ, మూసుకుంటూ...

"తొమ్మిది కాదు నాయనా," గొణిగాడు జెనోన్, "ఎనిమిదే! ఒకటి ఆఫ్‌సైడ్, లెక్కలోకి రాదు!"

"ఎవరితోనయ్యా ముచ్చట్లు?"

జెనోన్ ఎగిరిన ఎగురుకి పైకప్పు సొట్టపోయింది.

వెనక్కి తిరిగితే, సంతలో మేజోళ్లమ్మే పెలాగియా! "నా చేపతోనా? క్రిస్మస్ ముందురాత్రి విందుకి తెచ్చా. నాలుగు రోజులు తొట్టిలో ఈదితే గానీ బురదవాసన పోదుగా. మా ఇంటి తొట్టిలో మరిది పడుకుంటున్నాడు."

"నీళ్లు కట్టెయ్యాలమ్మా, నా ఉద్యోగం పోతుంది!"

"కట్టేస్తే దాని ప్రాణం పోతుంది. నీ ఇంట్లో తొట్టి లేదూ?"

కుళాయి కట్టేసి, చేపని ఓవర్‌కోటులో చుట్టుకుని, వంతెన దాటి ఇంటికి పరిగెత్తాడు జెనోన్. గొట్టాలు నిలిచాయి, ఉద్యోగం నిలిచింది. కానీ నాలుగు రోజులు తను చెప్పిన పాత ఆటల కబుర్లన్నీ విన్న ప్రాణి కదా! విందునాడు పెలాగియా కత్తి పట్టుకొచ్చేసరికి, స్నానాల గది గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఎడమనుంచి వచ్చింది, కుడినుంచి వచ్చింది, కాళ్ల సందునుంచి కూడా దూరబోయింది. గంటన్నర! దాటనివ్వలేదు.

ఆ చేప ఇంకా ఉంది, మొసలంతయింది. పాపం జెనోన్ స్నానానికి మా ఇంటికే వస్తాడు. ఇదిగో, ఈ ఉడికిన దుంప పట్టుకెళ్లి దానికి వేసిరా, పక్క వీధే... వేళ్లు మాత్రం నీళ్లకి దూరంగా పెట్టుకో.