ఐసు లేని మందు

గండికోటలో డాక్టర్ హర్ష లోయలో పడి చనిపోయింది సోమవారం సాయంత్రం. సెల్ఫీ తీసుకుంటూ జారిపడ్డాడని పోలీసులు రాసుకున్నారు. పెన్న ఒడ్డున బండల మధ్య శవం దొరికింది. ఫోను ప్యాంటు జేబులో ఉంది. జేబుకు జిప్పు ఉంది. జిప్పు వేసి ఉంది.

"జేబుకు జిప్పు వేసుకుని సెల్ఫీ తీసుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు," అంది భాగ్యలక్ష్మి.

పులివెందుల బైపాస్ పక్కన వాళ్ళు కూర్చున్న ఆఫీసుకు బయట ఉన్న బోర్డు డ్రిప్ పైపుల ఏజెన్సీది. లోపల పైపులు లేవు. భాగ్యలక్ష్మి ఇంటెలిజెన్స్ విభాగంలో జాయింట్ డైరెక్టర్. ఆమె ఎదురుగా కూర్చున్న సాయినాథ్ పేరు రికార్డుల్లో కె-ఇరవై ఒకటి.

ఆమె బల్ల మీద వేలెడంత సీసా పెట్టింది. అడుగున తెల్లటి పొడి ఉంది.

"పారుడు రోగం తెలుసుగా?"

"గొర్రెల ప్లేగు. వారంలో సగం మంద పోతుంది."

"టీకా ఉంది. కానీ ఐసులో పెట్టాలి. ఫ్రిజ్ నుంచి మంద దగ్గరికి వెళ్ళేలోపు సగం సీసాలు చచ్చిపోతాయి. హర్ష ల్యాబులో వైరాలజిస్టు, కెమికల్ ఇంజనీరు, స్టాటిస్టిక్స్ మనిషి ఒకే బల్ల మీద భోంచేసేవాళ్ళు. ఆరేళ్ళకు ఈ సీసా వచ్చింది. నలభై డిగ్రీల ఎండలో పద్నాలుగు రోజులు పాడవకుండా ఉంటుంది. రేపు ఇదే పద్ధతి పిల్లల టీకాలకూ పనికొస్తుంది."

"ఎవరికి నచ్చలేదు?"

"ఐసు పెట్టెల మీద, ఫ్రిజ్‌ల మీద బతికేవాళ్ళకు. మూడు దేశాల్లో ఆఫీసులున్న ముఠా. మన ఫైల్లో పేరు కోల్డ్ చెయిన్." ఆమె మ్యాపు మీద వేలు పెట్టింది. "గురువారం ఉదయం ఏడున్నరకు జమ్మలమడుగు దగ్గర ట్రయల్. పదకొండు మందలు, రెండు వేల నాలుగు వందల జీవాలు. టీకా పేరుతో అసలు రోగం వైరస్‌నే ఎక్కించాలని వాళ్ళ ప్లాను. అయిదో రోజుకు గొర్రెలు పడిపోతాయి. ఆ తర్వాత ఏ కాపరీ సూదిని దగ్గరికి రానివ్వడు. ఫార్ములాను వాళ్ళు చిత్తు కాగితాల ధరకు కొంటారు."

"ట్రయల్ ఆపేయండి."

"ఆపితే జారుకుంటారు. ఇంకో ఊళ్ళో, మనకు తెలియని రోజున చేస్తారు."

"లోపల మన మనిషి ఉన్నారా?"

"డాక్టర్ హేమమాలిని. హర్షతో కలిసి పనిచేసింది. ఆమెను కొన్నామని ముఠా అనుకుంటోంది."

"మనం కూడా అలాగే అనుకుంటున్నామా?"

భాగ్యలక్ష్మి బీడీ కట్ట ఒకటి ముందుకు తోసింది. అందులో ట్రాన్స్‌మీటర్ ఉంది. తర్వాత ఒక పెన్ను ఇచ్చింది. క్యాపు తీస్తే లోపల కాగితపు స్ట్రిప్.

"చుక్క వెయ్యి. పది నిమిషాలు ఆగు. రోగం వైరస్ ఉంటే రెండో గీత వస్తుంది."

"వేషం?"

"గొర్రెల దళారి. మీ తాత పనే."

"మా తాతకు తువ్వాలొక్కటే పరికరం మేడమ్," అన్నాడు సాయినాథ్.

* * *

బుధవారం పదకొండు గంటలకు అతను ప్రొద్దుటూరులో జనార్దన్ శెట్టి బంగారు కొట్టు మెట్లెక్కాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. శెట్టి పదేళ్ళుగా విభాగానికి పోస్టు పెట్టె లాంటివాడు. కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఏమప్పా, గొర్రెలమ్మితే బంగారం కొనేంత మిగుల్తాందా?"

"నువ్వు తరుగు తగ్గిస్తే మిగుల్తాది శెట్టీ."

"తరుగు తగ్గించమన్నోళ్ళు శానామంది వచ్చినారు, పోయినారు. నేనీడే ఉండా." కోడ్ సరిపోయింది. శెట్టి వెనక గది వైపు చూపించాడు. "పో. ఆయమ్మ గంట నుంచి ఒకే నెక్లెస్ పెట్టుకుంటాంది, తీస్తాంది. కొనే మొగం గాదు."

హేమమాలిని అద్దం ముందు నిలబడి ఉంది. పట్టు చీర, తల మీద నల్ల కళ్ళద్దాలు, మెడలో ఎర్రరాళ్ళ నెక్లెస్. కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళు కూడా తలుపు సందులోంచి ఆమెనే చూస్తున్నారు. ఆమె అద్దంలోనే అతన్ని చూసి మాట్లాడింది.

"నాలుగో పెట్టె. పొడి సీసాలు. స్టోర్‌రూంలో మార్చారు. దాన్ని తీసేస్తే చాలు."

"మిగతా పెట్టెలు?"

"శుభ్రం. జీపు డ్రైవర్ కార్తీక్ వాళ్ళ మనిషి. అతని దగ్గర పిస్టల్ ఉంది." నెక్లెస్ విప్పి పెట్టెలో పెట్టింది. "హర్ష గురించి ఏమైనా తేలిందా?"

"లేదు."

"మంచి మనిషి," అంది ఆమె.

సాయంత్రానికి విభాగం నాలుగో పెట్టెను తీసేసి మంచి సీసాలు పెట్టింది. తీసిన పెట్టెలో నిజంగానే రోగం వైరస్ దొరికింది. హేమమాలిని మాట నిజమని తేలడంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సాయినాథ్‌కు ఒక్క లెక్క కుదరలేదు. మందకొకటి చొప్పున ఉన్న పదకొండు పెట్టెల్లో ఒక్కటి మారిస్తే ఒక్క మంద చస్తుంది. రెండు వేల జీవాలు ఎలా చస్తాయి?

* * *

గురువారం ఉదయం ఏడింటికే ఎండ మొదలైంది. జమ్మలమడుగుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, పెన్న ఒడ్డున కోత అయిపోయిన సెనగ చేలో పదకొండు మందలు నిలబడ్డాయి. మొదటిది వెంకటప్పది. నూట ఇరవై జీవాలు. ఆయనకు సెంటు భూమి లేదు. ఆయనా, భార్య బాలనాగమ్మా నలభై ఏళ్ళు నడిచి కూడబెట్టింది ఆ మందే.

జీపు వచ్చింది. హేమమాలిని దిగింది. కార్తీక్ పొడి సీసాల పెట్టెలను దించి ఎండలోనే పేర్చాడు. ఎండలోనే పెట్టాలి, ట్రయల్ ఉద్దేశమే అది. ఆ తర్వాత పొడిని కలిపే నీళ్ళ సీసాలు దించాడు. అవి తెల్లటి థర్మోకోల్ పెట్టెలో ఉన్నాయి. పెట్టె మూల నుంచి చుక్కలు కారుతున్నాయి.

బాలనాగమ్మ దగ్గరికి వచ్చింది.

"ఆ పెట్టెలో ఐసుందా మేడమ్? ఓ ముక్క ఇయ్యండి, నోరు ఎండకపోతాంది."

"మందు కలిపే నీళ్ళమ్మా అవి. ముట్టుకోకూడదు."

"మందుకు ఐసొద్దని ఊరంతా చాటించినారు. నీళ్ళకెందుకు మల్ల?"

"అలవాటు," అంది హేమమాలిని.

సాయినాథ్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. ట్రయల్ నియమాల కాగితం అతను చదివాడు. రెండో నియమం: ఐసు వాడరాదు, కలిపే నీళ్ళకు కూడా. ఆ కాగితం కింద రెండు సంతకాలు ఉన్నాయి. ఒకటి హర్షది. రెండోది ఈమెదే. తన చేత్తో సంతకం పెట్టిన మనిషి నీళ్ళను చల్లగా ఉంచుతోందంటే ఆ నీళ్ళలో ఎండకు చచ్చేది ఏదో ఉంది. నాలుగో పెట్టె ఎర. విషం పదకొండు మందలకూ సరిపడా నీళ్ళలో ఉంది.

అనుమానమే. రుజువు కాదు. తప్పయితే ముఠాలో మనకున్న ఒకే మనిషిని ఇంతమంది ముందు బయటపెట్టినట్టు. కార్తీక్ చొక్కా కింద పిస్టల్ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

పెట్టెను జరపడానికి సాయం పట్టినట్టు చేసి ఒక సీసాను రొంటిన దోపుకున్నాడు. జీపు వెనక్కి వెళ్ళి స్ట్రిప్ మీద చుక్క వేశాడు. మంచి నీళ్ళయితే ఒకే గీత ఉండాలి. గడియారం ఏడూ ముప్పై ఒకటి. హేమమాలిని సిరంజి బయటికి తీసింది. ఆమెకు రెండు నిమిషాలు చాలు. అతనికి పది కావాలి.

భుజాన తువ్వాలు తీసి వెంకటప్ప చేతి మీద పరిచాడు.

"మామా, మంద ఏం చెప్తాండావు?"

ఆ సీమ సంతల్లో జీవాల బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలిపి వేళ్ళతో ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు అంకె తెలియదు. దానికో కట్టుబాటు ఉంది. తువ్వాలు పరిచాక బేరం తెగేదాకా మంద మీద మూడో మనిషి చెయ్యి పడకూడదు. బొచ్చు కత్తిరించేవాడైనా, సూది వేసేవాడైనా ఆగాల్సిందే. సగం బేరంలో జీవానికేమైనా అయితే నష్టం ఎవరిదో తేలదు.

"నేనమ్ముతానని ఎవురు చెప్పినారప్పా నీకు?" వెంకటప్ప చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

సాయినాథ్ ఆ అరచేతిలో గోటితో గీరాడు. దళారుల భాషలో దానికర్థం, ఇష్టం లేకున్నా బేరంలోంచి లేవొద్దని. అది బేరానికి వచ్చినవాడు చేసే సైగ కాదు, మన మేలు కోరేవాడు చేసేది. వెంకటప్ప అతని ముఖంలోకి చూశాడు. తర్వాత నేల మీద చతికిలబడ్డాడు.

"సరే. చెప్పు."

కాపరులు మూగారు. "ఏందప్పా, మామ మంద అమ్ముతాండాడా?" "బాలనాగక్కనడిగినాడో లేదో!"

"నన్నడక్కుండా అమ్మితే నిన్నుగూడా మందలో కలిపి అమ్ముతా," అంది బాలనాగమ్మ.

"నన్నెవురు కొంటారే?"

"కోతకు పనికిరావు. బొచ్చన్నా వస్తాదేమో సూస్తారు."

అందరూ నవ్వారు. హేమమాలిని నవ్వలేదు.

"ఏమిటిది? నాకు టైం లేదు."

"బేరంలో ఉండాం మేడమ్. ఇంగొక పది నిమిషాలు," అన్నాడు సాయినాథ్.

"అయితే పక్క మందతో మొదలుపెడదాం."

పక్క మంద కాపరి తల అడ్డంగా ఊపాడు. "పెద్దాయన మంద కాకుండా మాది యాడిస్తాం?"

ఆమె థర్మోకోల్ పెట్టె వైపు చూసింది. చుక్కలు ఇప్పుడు ధారగా కారుతున్నాయి. తర్వాత సాయినాథ్ వైపు చూసింది. అతను తలెత్తలేదు. తువ్వాలు కింద వేళ్ళు కదులుతున్నాయి. ఏ ధరా కుదరడం లేదు. చొక్కా జేబులో స్ట్రిప్ మీద ఒకే గీత ఉంది. ఏడూ ముప్పై తొమ్మిది.

ఆమె సిరంజి నింపుకుని మందకు అటువైపు నుంచి లోపలికి దిగింది. ఒక గొర్రె మెడ పట్టి సూది గుచ్చింది. దాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకుంది.

"ఓయమ్మో, బేరంలో ఉండే జీవాన్ని పొడుస్తాంది!" బాలనాగమ్మ గొర్రెల మధ్య నుంచి దూసుకుపోయి ఆమె మణికట్టు పట్టుకుంది. సూది రెండో గొర్రె చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

సాయినాథ్ జేబులోకి చూశాడు. రెండో గీత ఎర్రగా తేలింది.

"వాన కురిసింది," అన్నాడు బీడీ కట్ట నోటి దగ్గర పెట్టుకుని. దగ్గర్లో కాచుకున్న విభాగం వాళ్ళకు అది సంకేతం.

కార్తీక్ పిస్టల్ తీశాడు. వెంకటప్ప చేతికందేంత దూరంలో దోటి ఉంది. కొమ్మలు వంచి గొర్రెలకు ఆకు దులిపే పొడుగాటి గడ, చివర కొడవలి. ఆయన కూర్చున్నచోటు నుంచే విసిరి లాగాడు. కొమ్మ వంగినట్టే చెయ్యి వంగింది. పిస్టల్ మట్టిలో పడింది. సాయినాథ్ దాని మీద కాలు పెట్టాడు. నాలుగు నిమిషాలకు టమోటాల వ్యాను వచ్చింది. అందులో టమోటాలు లేవు.

బేడీలు వేశాక హేమమాలిని చీర కుచ్చిళ్ళకు అంటిన గడ్డి దులుపుకుంది.

"హర్షను నేను తొయ్యలేదు," అంది.

"మరి?"

"ఫోటో తీస్తాను, కొంచెం వెనక్కి జరగమన్నాను." ఆమె వ్యానెక్కింది. "నేను చెప్పింది ఆయన ఎప్పుడూ కాదనలేదు."

* * *

సూది పడిన గొర్రెను వదిలితే మిగిలినవాటికి అంటుతుంది. పశువుల డాక్టరును పిలిపించి దాన్ని అక్కడే చంపారు. గుంట తవ్వి సున్నం పోశారు. బాలనాగమ్మ గుంట పక్కన నిలబడింది.

"సూడిది," అంది. "ఇంకో పది రోజులకు ఈనేది."

కాపరులు మందలు మళ్ళించుకోవడం మొదలుపెట్టారు. పులివెందుల నుంచి వచ్చిన భాగ్యలక్ష్మి వాళ్ళను ఆగమని చెప్పలేదు. చెప్పే ముఖం లేదు.

వెంకటప్ప పొడి సీసా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఎండకు కాలుతోంది.

"ఇది చచ్చిపోయినాయన చేసిన మందేనా?"

"అవును," అన్నాడు సాయినాథ్.

"దీంట్లో ఏ మోసమూ ల్యా?"

"లేదు మామా. ప్రతి పెట్టె నేనే చూసినా."

వెంకటప్ప గుంట వైపు చూశాడు. బాలనాగమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"అయితే ముందు నా మందకెయ్యి," అన్నాడు.

ప్రొద్దుటూరు నుంచి కొత్త నీళ్ళ సీసాలు వచ్చాయి. వాటినీ స్ట్రిప్‌తో చూశారు. మధ్యాహ్నం నలభై ఒక్క డిగ్రీల ఎండలో రెండు వేల మూడు వందల తొంభై తొమ్మిది జీవాలకు టీకాలు పడ్డాయి. మూడు వారాల తర్వాత తీసిన రక్తం పరీక్షల్లో మందు పనిచేసిందని తేలింది. ఆ కాగితం చూడాల్సిన మనిషి లేడు.

ఆ గురువారం సాయంత్రమే భాగ్యలక్ష్మి ఢిల్లీకి పంపాల్సిన ఫారం ముందేసుకుంది. విదేశీ ముఠా గురించి, డబుల్ ఏజెంట్ గురించి అందులో గడులు లేవు. ట్రయల్ ఆలస్యానికి కారణం రాయమని మాత్రం ఒక గడి ఉంది.

"ఏం రాయమంటావు?" అని అడిగింది.

సాయినాథ్ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"ధర కుదరలేదని రాయండి మేడమ్."