మొక్క నిలవని మడి

పూడ్చేసిన గని మీద పెంచుతున్న తోటలో చివరి మడికి చెడ్డపేరు ఉంది. పొద్దుగూకితే అటు కాలు పెట్టేవాళ్లు లేరు.

దాని కింద మనిషి ఉన్నాడు. గని నడిచే రోజుల్లో గట్టు విరిగిపడి, పొరుగూరి నుంచి పనికి వచ్చిన డ్రైవరు కుర్రాడు లారీతో సహా మట్టిలో కూరుకుపోయాడు. తోడేకొద్దీ గట్టు జారుతూనే ఉంది... చివరికి చేతులెత్తేశారు. తర్వాత గనినే పూడ్చి, పైన మంచిమట్టి పరిచి మొక్కలు నాటారు.

మిగతా మడులన్నీ పచ్చబడ్డాయి. ఆ ఒక్కదాంట్లో మాత్రం — ఎన్నిసార్లు నాటినా రాత్రికి రాత్రి మొక్కలు మాయం. జుట్టు విరబోసుకున్న ఆకారమేదో వంగి నేల తడుముతుంటే చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. చూసినవాళ్లు రెండోసారి చూడ్డానికి ఆగలేదనుకోండి.

ఏటా వానలు వెనకబట్టాక గడ్డిసారు వచ్చేవాడు. నేల మీద తాడుతో చదరం గీసి, అందులో ఏది బతికింది, ఏది చచ్చింది అని మోకాళ్ల మీద కూర్చుని చూడ్డం ఆయన పని. అందుకే ఆ పేరు. వృక్షశాస్త్రం చదువుతానన్నప్పుడు, ఆకులు లెక్కపెట్టడానికి జీతం ఎవరిస్తారయ్యా అని మేనమామ వెక్కిరించాడట. ఇచ్చారు. పాపం, అది చూడకుండానే ఆ మేనమామ పోయాడు. సరే, ఆ గోల వేరు.

ఆ మడి ఈసారి కూడా బోడిగానే ఉంటే, మట్టి తవ్వి పారేసి కొత్తది పోయాలి. అదీ పద్ధతి. కారణం తేల్చకుండా రిపోర్టులో ఆ మాట రాయడానికి సారుకి మనసొప్పలేదు. మేక తింటే మొదలు మిగులుతుంది. చెద పడితే పుల్ల మిగులుతుంది. ఇక్కడ ఏమీ మిగల్లేదు. గుంటలు కూడా ఎవరో అరచేత్తో నిమిరి మూసినట్టున్నాయి.

ఆ పగలే మడిలో మళ్లీ మొక్కలు పెట్టించి, రాత్రికి కాపలా ఉంటానన్నాడు. తోడు రమ్మంటే వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు మొక్కలు లెక్కపెట్టుకోండి సారూ. ఇంట్లో నా పిల్లలు నన్ను లెక్కపెట్టుకోవాలి."

సారు ఒక్కడే వెళ్లాడు. పక్క మడిలో పొదల చాటున కూర్చున్నాడు. చంద్రుడు లేడు. గాలి లేదు. దోమలు మాత్రం బోలెడు.

చాలాసేపటికి... చప్పుడు.

వేళ్లతో మట్టి గీకుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. దాంతోపాటు గొంతు — లోగొంతు. పసిపిల్లని నిద్రలేపుతున్నట్టు, బుజ్జగింపుగా.

సారుకి ఒళ్లు జలదరించింది. ఎలాగో టార్చి నొక్కాడు.

విరబోసిన జుట్టు. మట్టి చేతులు. ముఖం ఇటు తిరిగింది...

నర్సరీ పెద్దమ్మ.

ఆ తోటలో ప్రతి మొక్కా ఆమె చేతుల్లో మొలిచిందే. పగలు గింజ నాటి, నీళ్లు చిలకరించి, నీడపట్టున పెంచి పంపే మనిషి. పక్కన బుట్ట ఉంది. అందులో మొక్కలు — ఒక్క వేరు తెగకుండా, తడిగోనె చుట్టి.

"చంపలేదు బాబూ," అంది గొణుగుతున్నట్టు. "వేరేచోట పాతుతున్నాను. ఇవేం చేశాయి పాపం."

"ఎందుకు పెద్దమ్మా మరి?"

ఆమె బుట్టలో గోనె సర్దుతూ చెప్పింది. డ్రైవరు కుర్రాడు తన కొడుకట. ఒక్కగానొక్కడు. గని పూడ్చాక ఊరు వదిలి, ఎవరి తల్లో ఎవరికీ చెప్పకుండా ఇక్కడ పనిలో చేరింది.

"ఇక్కడ ఏదీ మొలవకపోతే తవ్వుతారంటగా," అంది. "తవ్వితే వాడు దొరుకుతాడు."

తవ్వేది పైన పరిచిన మట్టినే. పిల్లవాడున్నది బావి మీద బావి పేర్చినంత లోతున. ఈ మాట ఎవరూ ఆమెకి చెప్పలేదు. అడగడానికి ఆమె ఎవరి దగ్గరకి పోతుంది?

"నడుంలోతేనమ్మా తవ్వేది," అన్నాడు.

పెద్దమ్మ ఏడవలేదు. నేల మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయింది. టార్చి వెలుగులో పురుగులు మూగాయి... ఆయన ఆర్పలేదు.

ఎప్పటికో తలెత్తింది.

"వీటి వేరు ఎంత లోతు పోతుంది బాబూ?"

ఆయన చదివిన చదువంతా ఆ ప్రశ్నకి జవాబే. అంత లోతుకి ఏ చెట్టు వేరూ పోదు.

"పోతుంది పెద్దమ్మా," అన్నాడు. "చాలా లోతు పోతుంది. కాకపోతే ఏళ్లు పడుతుంది."

ఆమె బుట్ట దగ్గరికి లాక్కుంది. ఒక మొక్కకి చుట్టిన గోనె విప్పి, ఇందాక మూసిన గుంటని వేళ్లతో మళ్లీ తెరిచింది.

"లైటు కాస్త ఇటు పట్టండి బాబూ."