వాయిదా గుర్తుచేసే ఫోను

"దాన్ని అమ్మకండి!"

కోర్టు మెట్ల మీద కుట్టుమిషన్ అమ్మకానికి పెట్టుకుని, దాని మీద చున్నీ కప్పి, తను వానలో తడుస్తున్న టైలరమ్మాయి తలెత్తింది. ఎదురుగా నల్లకోటు, చంకలో ఫైళ్లు, చిరిగిన మోచెయ్యి.

"మీకెందుకండీ? జామీను బ్రోకరా?"

"లాయర్ని."

"కోటు చూస్తే అలా లేదు."

కుర్రలాయరు మోచెయ్యి దాచుకున్నాడు. రాబోయిన నవ్వు ఆమె పెదాల మీదే ఆగిపోయింది. ఉన్నమాట చెప్పింది. బేకరీలో పనిచేసే అన్నయ్య జైల్లో ఉన్నాడు. కారు పెట్టే చోటు కోసం షోరూం యజమాని కొడుకుతో తోపులాట. ఇద్దరి మీదా ఒకే కేసు. జామీను డబ్బు కట్టి ఆ అబ్బాయి మధ్యాహ్నానికే ఇల్లు చేరాడు. అన్నయ్య రేపు కూడా రాకపోతే పొయ్యి దగ్గర ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారు బేకరీవాళ్లు.

"మిషన్ అమ్మితే ఆయన బయటికొస్తారు. తర్వాత మీరేం చేస్తారు?" అన్నాడతను. "సొంత పూచీకత్తు మీద వదలమని అడుగుతాను. కాసేపు ఆగండి."

"మరి ఫీజు?"

"కోటు కుట్టిపెట్టండి."

లోపల జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "పారిపోతే?"

"డబ్బు కట్టినాయన పారిపోడని నమ్మాం కద సార్. ఈయనకీ ఇల్లుంది, చెల్లెలుంది, పొద్దున్నే ఈయన రొట్టెల కోసం చూసే వీధి ఉంది. ప్రతి వాయిదాకీ ముందురోజు నేనే ఫోన్ చేసి గుర్తుచేస్తాను."

జడ్జిగారు విడుదల కాగితం మీద సంతకం పెట్టారు.

పిండి చేతులతో అన్నయ్య ఫోనెత్తడు. అందుకని ఆ ఫోన్లు చెల్లెలికే వచ్చేవి.

"రేపు వాయిదా అండీ."

"సరేనండీ."

తర్వాతిసారి, "రేపు వాయిదా. మబ్బు పట్టింది, గొడుగు తెచ్చుకోండి."

ఆ తర్వాత, "రేపు వాయిదా. భోంచేశారా?"

"ఇది కూడా జడ్జిగారే అడగమన్నారా?"

అవతల దగ్గు వినిపించింది.

చివరికి కేసు కొట్టేశారు. ఇంట్లో పండగలా ఉండాలి. ఆమె మాత్రం జాకెట్‌కి కుడిచెయ్యి ఎడమవైపు కుట్టి, విప్పుతూ కూర్చుంది.

"ఫోను కేసి అలా చూస్తావేంటే? ఇక రాదుగా," అన్నాడు అన్నయ్య.

"నేనెక్కడ చూశాను!"

అంతలో మోగింది.

"రేపు వాయిదా ఉందండీ."

ఆమె జాకెట్ పక్కన పడేసింది. "మళ్లీనా? కొట్టేశారుగా!"

"మీ అన్నయ్యది కొట్టేశారు. ఇది నాది. మీ ఇంటికొచ్చి ఆయన ముందు నిలబడి, మిమ్మల్ని అడగాలి. మీరు వద్దంటే రాను."

 పక్కనే చెవి పెట్టి వింటున్న అన్నయ్య ఫోను దగ్గరికి వంగాడు.

"రా బావా! డబ్బేం కట్టక్కర్లేదు, సొంత పూచీకత్తు చాలు."

"అన్నయ్యా!" అంటూ ఫోను లాక్కుని ఆమె గోడవైపు తిరిగింది. చేతికింద మిషన్ చల్లగా తగిలింది. ఆ రోజు అమ్మేసి ఉంటే ఇది లేదు, ఈ ఇంట్లో ఈ అల్లరీ లేదు.

"ఆ రోజు మీరు ఆపకపోతే..." ఆమె ముక్కు ఎగబీల్చింది.

"ఏడుస్తున్నారా?"

"లేదు. రేపు రండి. కోటు రెండో మోచెయ్యి కూడా చిరిగింది, మొన్న చూశాను."

"మరి ఈసారి మీ ఫీజు?"

"ఇచ్చేశారుగా," అందామె.