తాసిల్దారు ఎదురొచ్చిన రోజు

“మీరు ఎక్కండి, మీ నాయన ఎక్కనీ, ట్రంకుపెట్టె ఎక్కనీ. ఆ పిల్లి బుట్ట మాత్రం ఎక్కేది లేదు.”

చిత్తూరు బస్టాండు ఎదురుగా, నా అంబాసిడరు తలుపుకి అడ్డంగా నిలబడి పంకజాక్షితో నేనన్న మొదటి మాట ఇది. ప్రేమకథ ఇట్లాగా మొదలయ్యేది అంటారేమో. నా ఖర్మ, ఇట్లాగే మొదలైంది.

అప్పటికి నాకు ఆమె పేరు తెలియదు. కళ్లు మాత్రం చూశాను. కోపంలో అంత బాగుండే కళ్లు జిల్లా మొత్తంలో ఇంకో జత లేవని ఇప్పటికీ పందెం కాస్తాను.

“బస్సులోంచి కండక్టరు దింపేసినాడు. ఇప్పుడు నువ్వూనా? ఈ పిల్లి నిన్నేం చేసిందప్పా?”

“నన్నేం చేయలేదు మేడమ్. దీని జాతి మా నాయన్ని చేసింది.”

లారీ తోలే రోజుల్లో మా నాయన చిన్నబ్బ, పిల్లి ఎదురొచ్చినా లెక్కచేయకుండా పోయి, కల్వర్టును గుద్ది, కాలు విరగ్గొట్టుకున్నాడు. నాకు లైసెన్సు వచ్చిన రోజే మా అమ్మ వరదమ్మ తన తలమీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. పిల్లి అడ్డమొస్తే బండి ఆపాలి. ఇంకెవరైనా ముందుగా ఆ దారి దాటేదాకా బండి కదలకూడదు. ఆరేళ్లుగా నేను ఆ ఒట్టు తప్పలేదు. టాక్సీ స్టాండులో అందరూ నన్ను ‘పిల్లి చెంగల్రాయుడు’ అని పిలిచేవాళ్లు. పిలవనీ!

అంతా విని ఆమె బుట్టను నా ముందుకు చాపింది.

“ఎదురొస్తే గదా చెడు? ఇది యాడ ఎదురొస్తాది? మనతోనే కూర్చోని, మనం పోయే దిక్కే వస్తాది. ఇంక శకునమెట్లయితాది, చెప్పు?”

పక్క టాక్సీవాళ్లు కిసుక్కుమన్నారు.

“నాకు టీచరు ఉద్యోగం వచ్చినాది. ఈ పొద్దే ఆఖరు. సాయంత్రం ఐదు లోపల తిరపతి హైస్కూల్లో సంతకం పెట్టకపోతే ఆర్డరు పోతాది.” ఆర్డరు కాగితం తీసి చూపించింది. “మూడేండ్లు ఎదురుచూసినానప్పా. ఇంట్లో ఉండేదే మేమిద్దరం, ఇద్దరమూ తిరపతికే మకాం మారస్తాండాం. దీన్ని యాడ వదిలిపెట్టేది?”

“ఎక్కండి,” అన్నాను.

వాళ్ల నాయన మునిరామయ్య ముందు సీట్లో కూర్చుని, పూతలపట్టు రాకముందే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నేను అద్దం సర్దుకున్నాను.

“రోడ్డు చూసి తోలు.”

“పిల్లిని చూస్తాండా మేడమ్. దూకుతాదేమోనని.”

“పిల్లి ఆ పక్కనుండాది. నువ్వు చూసేది ఈ పక్క.”

చెవులు వేడెక్కాయి. “దాని పేరేంది?” అన్నాను మాట మార్చడానికి.

“తాసిల్దారు. దినామూ ఊర్లో ప్రతి ఇంటికీ పోయి పాలు తనిఖీ చేసొస్తాడు.”

నేను నవ్వితే ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు అద్దంలో పట్టలేదు, వెనక్కి తిరిగి చూడబోయి బండిని గుంతలో దించాను. మునిరామయ్య మాత్రం లేవలేదు.

సగం దారిలో ఇంజను వేడెక్కింది. దిగి రేడియేటరులో నీళ్లు పోస్తుంటే వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. గాలి కోసం ఆమె తలుపు తీసింది. తాసిల్దారు గారు బుట్టలోంచి ఒక్క దూకు దూకి, బండికి సరిగ్గా ముందు, ఎడమనుంచి కుడికి రోడ్డు దాటి, అవతలి రాయిమీద కూర్చుని మీసాలు నాక్కున్నారు.

నా చేతిలో చెంబు జారిపోయింది.

“అయిపాయె!”

“ఏమైంది? బండి చల్లబడింది గదా, పోదాం పా.”

“ఎదురొచ్చింది మేడమ్. అమ్మ తలమీద ఒట్టు. ఇంకో బండి దాటాల.”

ఎప్పుడూ లారీలు వరసగా పోయే రోడ్డు అది. ఆ రోజు సైకిలైనా రాలేదు. పది నిమిషాలు. పదిహేను. నాలుగు కావొస్తోంది. ఆమె నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు. వాచీ చూసుకుంది, ఆర్డరు కాగితం తీసి చూసుకుంది, కళ్లు తుడుచుకుంది. నామీద నాకే అసహ్యమేసింది.

ఉన్నట్టుండి అడిగింది. “బండే దాటాల్నా? మనిషి దాటితే సాలదా?”

“సాలు. కానీ ఆ చెడు వాళ్లకి తగులుతాదంటారు.”

“తగల్నీ. నీకు ఒట్టు, నాకు ఉద్యోగం. రెండూ నిలబడాల.”

బండి వెనకనుంచి చుట్టి అవతలికి వెళ్లి పిల్లిని పట్టి, బుట్టలో పెట్టుకుని తెచ్చి, బండి ముందుకొచ్చి నిలబడింది. మూడేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం కోసం పోతూ, ముక్కూమొహం తెలియని డ్రైవరు ఒట్టు కోసం చెడు నెత్తిన వేసుకుంటుందా! పరుగెత్తి బుట్టకి రెండో పక్క పట్టుకున్నాను.

“నువ్వెందుకు? నీ ఒట్టో?”

“ఒట్టు బండికి, నాకు కాదు. చెడు సగం సగం.”

పిల్లి అడ్డంగా పోయిన చోటు ఇద్దరం కలిసి నడిచి దాటాం. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మునిరామయ్య కళ్లు తెరిచి, ముందు అద్దంలోంచి మమ్మల్ని చూసి, “ఏమప్పా, ఆడ ఏం జరగతాండాది?” అని కేకేశాడు.

తర్వాత నేను తోలిన తోలుడు నా జన్మలో తోలలేదు. ఒక్క వైపరే తిరుగుతోంది. చంద్రగిరి ఎప్పుడు దాటిందో తెలియదు. స్కూలు గేటు ముందు బ్రేకు వేసేసరికి ఐదుకి ఇంకా ఏడు నిమిషాలే ఉంది. ఆమె బుట్టను నా ఒడిలో పడేసి, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తింది.

జీవితంలో మొదటిసారి పిల్లిని ఎత్తుకుని కూర్చున్నాను. “రేయ్ తాసిల్దారూ, ఆమెకి ఉద్యోగం రాకపోతే నీ సంగతి చెప్తా,” అన్నాను. అది నా వేలు నాకింది.

ఆమె వరండాలోకి వచ్చింది. తడిసిపోయి, జడ ఊడిపోయి, రెండు చేతులూ పైకెత్తింది.

“చేరినా! చెంగల్రాయుడూ, చేరినా!”

హారను మీదనుంచి చెయ్యి తీయలేదు నేను. పక్కనున్న హాస్టలు పిల్లలంతా కిటికీల్లోకి వచ్చి, ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

“మళ్లీ చిత్తూరుకి ఎప్పుడొస్తారు మేడమ్?”

“పిల్లిని ఎక్కించుకుంటావా?”

“మీరు ఎక్కితే చాలు, ఎన్ని పిల్లులైనా ఎక్కనీ.”

ఆమె తల దించుకుని బుట్ట తీసుకుంది. కానీ మేడమ్ అనొద్దని, పేరు పంకజాక్షి అని చెప్పింది.

ఆరు నెలలు ప్రతి ఆదివారమూ నాకు తిరుపతిలో ఏదో ఒక పని పడేది. చివరికి మా అమ్మకి అంతా చెప్పాను. పిల్లి అనగానే చెవులు మూసుకుంది. ‘తగల్నీ’ అన్న మాట దగ్గర మాత్రం చేతులు తీసింది.

“నా ఒట్టు నిలబెట్టేదానికి ఆ బిడ్డ అంత మాట అనిందా? రేపే పోదాం పా.”

మునిరామయ్య అయితే ఇంకా తేలిగ్గా ఒప్పుకుని మా అమ్మతో అన్నాడు. “నేను కండ్లు తెరిచేసరికే ఇద్దరూ కలిసి నడస్తాండారు తల్లీ. ఇంక నేను కొత్తగా చేసే పెండ్లేముంది?”

పెళ్లయ్యాక ఊరేగింపు బండి నేనే తోలాను. పూలు కట్టిన అంబాసిడరును ఇంకొకడి చేతికిస్తానా? పక్కన పంకజాక్షి, ఆమె ఒళ్లో తాసిల్దారు, వెనక అమ్మ, నాయన. మా వీధి మలుపులో మేళం గట్టిగా మోగింది. తాసిల్దారు కిటికీలోంచి దూకాడు. బండి ముందు, ఎడమనుంచి కుడికి, దర్జాగా దాటాడు.

నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. మేళం ఆగింది. చుట్టాలందరూ మా అమ్మ మొహం చూశారు.

మా అమ్మ వెనకసీట్లోంచి ముందుకు వంగి, నా భుజమ్మీద ఒక్కటి చరిచింది.

“ఏం సూస్తాండావురా? అది మన పిల్లే గదా, మనకంటే ముందు ఇంటికి పోతాండాది. పోనీ బండి!”